క్లామ్‌ల మీద బియ్యపు గింజలు: ఒక ఉప్పునీటి ట్యాంకులో 14 వారాల కేసు

మార్చి మూడో వారంలో ఒక సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కింద ఒకటే వాక్యం: “తమ్ముడూ, కొత్తవాటిలో చిన్నది సరిగ్గా విచ్చుకోవట్లేదు, ఒకసారి చూడు.” ఫొటోలో క్లామ్, అంటే రెండు పెంకుల సముద్రపు గుల్ల, ఒక పక్క మామూలుగానే ఉంది. రెండో పక్క మాత్రం మాంటిల్, అంటే పెంకు దాటి బయటకు పరుచుకునే ఆ రంగురంగుల కండ, అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నేనిచ్చిన జవాబు ఇప్పటికీ ఫోన్లో ఉంది: “కొత్త లైటుకి అలవాటు పడుతోందక్కా, ఒక వారం ఆగుదాం.” ఈ కేసులో నా మొదటి తప్పు ఇదే అనుకునేరు. మొదటి తప్పు అంతకు నాలుగు వారాల ముందే జరిగిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో, క్లినిక్కుల్లో ఉప్పునీటి ట్యాంకులు చూసుకోవడం నా పని. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివి, భీమవరం దగ్గర కొన్నేళ్లు రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా చేసి ఇటు వచ్చాను. ఈ ట్యాంకు ఫ్రిస్కోలో ఒక తెలుగువాళ్ల ఇంట్లోది. ఆ ఫొటో పంపింది ఆ ఇంటావిడే, నేను అక్క అంటాను. 120 గ్యాలన్లు, లీటర్లలో చెప్పాలంటే సుమారు 450. రెండేళ్లుగా నిలకడగా నడుస్తోంది. అందులో ఏడంగుళాల డెరాసా క్లామ్ ఒకటి, నాలుగంగుళాల మాక్సిమా ఒకటి (అదీ క్లామ్‌లో ఒక రకమే) ముందునుంచీ ఉన్నాయి. ఫిబ్రవరి చివర్లో మూడు చిన్న మాక్సిమాలు తెచ్చి పెట్టాం. ఒక్కోటి రెండంగుళాల లోపే.

క్లామ్ అని ఇక్కడ అంటున్నది ట్రైడాక్నా జాతి జెయింట్ క్లామ్‌ని. గుల్లసున్నం కాల్చడానికి మన తీరంలో ఏరే గుల్లలకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అవి నీళ్లు వడగట్టుకుని బతుకుతాయి. ఇది నీళ్లు వడగట్టుకుంటూనే ఎండ కూడా తింటుంది. మాంటిల్ కండలో కంటికి కనిపించని నాచు కణాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురులో చక్కెర తయారుచేసి ఇంటి యజమానికి అద్దె కడతాయి. అందుకే క్లామ్ విచ్చుకోలేదంటే అందం తగ్గిందని కాదు, దానికి ఆ పూట తిండి తగ్గిందని అర్థం.

ఇండియాలో రీఫ్ ట్యాంకులు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులు, పెట్టుకున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. లక్షద్వీప్‌లో, అండమాన్‌లో సహజంగా ఉండే మాక్సిమా, స్క్వామోసా క్లామ్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. “పెంచిన పీసేనండి” అని ఎవరు అమ్మజూపినా దూరంగా ఉండండి. ఇక్కడ అమెరికాలో దొరికేవి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులతో, చాలావరకు పసిఫిక్ దీవుల నుంచి వస్తాయి. డెరాసా అయితే పలావు దేశంలో చాలాకాలంగా పెంచుతున్నారు.

సరే, ఫొటో దగ్గరికి వద్దాం.

రెండు రోజులు ఆగి వెళ్లాను. నీళ్లు పరీక్ష చేస్తే వంక పెట్టడానికేమీ లేదు: ఉప్పు 35 పీపీటీ, ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.3 డీకేహెచ్, కాల్షియం 430, నైట్రేట్ 6. క్లామ్‌లు ఉన్న ట్యాంకులో నైట్రేట్ మరీ సున్నా ఉండకూడదు కాబట్టి ఆ 6 చూసి సంతోషించాను కూడా. తర్వాత అనుమానం ఎల్లో టాంగ్ చేప మీదికి పోయింది, అది మాంటిల్‌ని కొరుకుతోందేమో అని. అరగంట సోఫాలో కూర్చుని చూశాను. అది క్లామ్‌ల వైపే పోలేదు.

అప్పుడు కనిపించాయి, అద్దం మీద. తెల్లగా, నున్నగా, బియ్యపు గింజంత నత్తలు. క్లామ్‌ల రక్తం పీల్చే పిరమిడెల్లిడ్ నత్తలు అచ్చం ఇలాగే ఉంటాయని పుస్తకజ్ఞానం ఉంది. ఇక ఆలోచించలేదు. అద్దం మీదవి, పంపు మీదవి, ఓవర్‌ఫ్లో గోడల మీదవి ఏరి ఏరి తీశాను. అరవై దాకా వచ్చాయి. “దొరికారక్కా దొంగలు” అని చెప్పి బయటపడ్డాను.

వాటిలో ఒక్కటీ దొంగ కాదు. అవి రిస్సోయిడ్ కుటుంబం నత్తలు. అద్దం మీద, రాళ్ల మీద పేరుకునే నాచు పొరను గీక్కుని తింటాయి. ఎవరి జోలికీ పోవు. ఇంకా చెప్పాలంటే జీతం లేకుండా ట్యాంకు తుడిచే పనివాళ్లు. రెండు నత్తలూ ఒకే సైజు, ఒకే తెలుపు, ఒకే ఆకారం కావడంతో ఈ పొరపాటు చాలామంది చేస్తారు. నేను చేయకుండా ఉండాల్సింది, ఎందుకంటే తేడా పట్టడం కష్టమేం కాదు. పిరమిడెల్లిడ్‌కి గీకడానికి పళ్లవరసే లేదు. మన మామూలు నత్తలన్నిటికీ నోట్లో రాడ్యులా అనే ఆకురాయిలాంటి నాలుక ఉంటుంది. దీనికి దాని బదులు పొడవాటి తొండం, కొనలో సూది, వెనకాల పీల్చే పంపు ఉంటాయి. అలాంటి ప్రాణికి అద్దం మీద పనేముంది? అద్దం మీద తిరుగుతోందంటేనే అది తొంభై పాళ్లు అమాయకురాలు. మైక్రోస్కోపు ఉంటే ఇంకో గుర్తు కూడా చూడొచ్చు. పిరమిడెల్లిడ్ పెంకు కొసన, అది పిల్లగా ఉన్నప్పటి మొదటి చుట్టు, మిగతా చుట్లకు అడ్డంగా తిరిగి ఉంటుంది. నా దగ్గర చెరువుల రోజుల నాటి మైక్రోస్కోపు గరాజ్‌లో ఉంది. ఆ రోజు దాన్ని తీయాలని తోచలేదు, అంతే.

పది రోజులకి మళ్లీ ఫోను. ఇప్పుడు రెండోది కూడా ముడుచుకుంటోంది. చిన్నదైతే చెయ్యి నీడ పడ్డా చటుక్కున మూసుకోవట్లేదు, బద్ధకంగా సగం మూసుకుంటోంది. నేను వెళ్లి ఈసారి నీళ్ల జోలికి పోకుండా పెంకు అంచు చూశాను. ఎదుగుతున్న చిన్న క్లామ్‌కి పెంకు చివర సన్నటి తెల్లటి గీత ఉంటుంది, అది కొత్తగా పోసుకున్న పెంకు. ఆరోగ్యంగా ఉన్న రెండంగుళాల మాక్సిమాకి ఆరు వారాల్లో ఆ గీత స్పష్టంగా కనిపించాలి. ఈ మూడింటిలో రెండింటికి గీతే లేదు. అంటే తెచ్చినప్పటి నుంచీ ఒక్క రోజు కూడా ఎదగలేదు. లైటు కారణం అయితే మూడూ ఒకేలా ఉండాలి, పక్కపక్కనే ఉన్నాయి కదా. “అక్కా, ఈ రాత్రి మళ్లీ వస్తాను. లైట్లు తొమ్మిదికే ఆపేయండి” అన్నాను.

ఏప్రిల్ 4, రాత్రి 11. ఎర్ర సెల్లోఫేన్ కట్టిన టార్చి, చేతిలో పట్టకారు. ఆమె హైదరాబాద్ టీముతో కాల్‌లో ఉంది, అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. మ్యూట్‌లో పెట్టి వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసింది. చిన్న క్లామ్ పై అంచు మీద వరసగా, ఎవరో నాటినట్టు, పదకొండు గింజలు నిలబడి ఉన్నాయి. కొసలు పైకి, నోళ్లు మాంటిల్ వైపు. “అమ్మో, పగలు ఒక్కటీ లేదు కదా!” అంది.

పగలు ఉండవు. వెలుతురు ఉన్నంతసేపూ క్లామ్ అడుగున, రాయిని పట్టుకునే బిస్సస్ పోగులు బయటకొచ్చే కంత దగ్గర, పెంకు మీది పొలుసుల సందుల్లో దాక్కుంటాయి. చీకటి పడ్డాక ఒకటి రెండు గంటలకి పైకి ఎక్కుతాయి. నేను పదిహేను రోజులకోసారి వెళ్లేది పగలే. అలా పదేళ్లు వెళ్లినా నాకు ఒక్కటి కూడా కనపడేది కాదు.

ఆ రాత్రి లెక్క: చిన్నదాని మీద 11, రెండోదాని మీద 7, మూడోదాని మీద 3, పాత మాక్సిమా మీద 2, డెరాసా మీద సున్నా. మొత్తం 23. డెరాసాని వదిలేయడంలో వింత లేదు. దాని పెంకు నున్నగా ఉంటుంది, పొలుసులు తక్కువ, అడుగు కంత సన్నం, దాక్కోవడానికి చోటు లేదు. పైగా ఏడంగుళాల ఒంట్లోంచి పది నత్తలు తాగినా దానికి దోమకాటు. రెండంగుళాలదానికి మాత్రం అది రోజూ రక్తదానమే. ఈ పురుగు పెద్ద క్లామ్‌ని చంపడం నేను చూడలేదు. చిన్నవాటిని మాత్రం నెల తిరక్కుండా చంపగలదు.

పట్టకారుతో తీసేటప్పుడు క్లామ్ మూసుకుంటే కంగారు పడొద్దు, నత్తలు పెంకు మీదే ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: గీకి ట్యాంకులోకి జారవిడవకూడదు. ఇసుకలో పడింది మళ్లీ నడుచుకుంటూ వస్తుంది. పట్టకారుకి అందనిదాన్ని సన్న ట్యూబుతో పీల్చి బకెట్లోకి వదిలాను.

తర్వాతి రాత్రుల బాధ్యత అక్కే తీసుకుంది. ఎలాగూ కాల్స్ కోసం పన్నెండు దాకా మేలుకునే ఉంటుంది. 5న 9 దొరికాయి, 6న 4, 7న 1. ఆ తర్వాత మూడు రాత్రులు వరసగా సున్నా. చిన్నది కాస్త తెరుచుకోవడం మొదలుపెట్టింది. నేను ఫోన్లో “ఇక చాలక్కా, పడుకోండి” అన్నాను. ఇది ఇంకో తప్పు, మొదటిదానికన్నా ఖరీదైనది.

ఏప్రిల్ 15 రాత్రి ఆమె ఊరికే ఓసారి చూద్దామని టార్చి వేసింది. ఫొటో పంపింది. ఏమీ కనపడలేదు నాకు. “జూమ్ చెయ్యి” అంది. జూమ్ చేస్తే ఉప్పు చల్లినట్టు చుక్కలు. మిల్లీమీటరు కూడా లేని పిల్లలు, 31 లెక్కపెట్టింది.

చెరువు మీద పనిచేసినవాణ్ని, ఇది నాకు తట్టి ఉండాలి. పెద్దవాటిని ఏరడం అంటే కంటికి కనిపించే భాగాన్ని ఏరడం. గుడ్లు పెంకుకే అంటుకుని ఉన్నాయి. పిరమిడెల్లిడ్ ప్రతి నత్తా ఆడా మగా రెండూ, కాబట్టి ఏ రెండు మిగిలినా గుడ్లు వస్తాయి. నేను మొదటి రాత్రి క్లామ్‌లని బయటికి తీసి తిప్పి చూడలేదు. ముడుచుకుంటున్న క్లామ్‌ని కదిలించి ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకని జాలిపడ్డాను. ఆ జాలి పదకొండు రోజుల్లో 31 పిల్లలైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అన్నిటినీ బయటికి తీశాం. ఈ భాగం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే క్లామ్‌లు చచ్చిపోయేది ఎక్కువసార్లు నత్తల వల్ల కన్నా ఈ పనిలో చేసే తొందర వల్లే.

మాక్సిమా తన అడుగు కంతలోంచి బిస్సస్ అనే పట్టుపోగుల్లాంటి దారాలు తీసి రాయిని పట్టుకుంటుంది. ఊడపీకితే దారాలు తెగవు, లోపల వాటిని తయారుచేసే గ్రంథి చిరుగుతుంది. అది చిరిగిన క్లామ్ వారం పది రోజుల్లో పోతుంది, అప్పటికి మనం పీకిన సంగతే మర్చిపోయి ఉంటాం. చిన్న మూడింటినీ నేను పెట్టేటప్పుడే అరచేతిలో పట్టేంత చదునైన రాతి పలకల మీద కూర్చోబెట్టాను, కాబట్టి పలకతో సహా పైకి వచ్చేశాయి. ఈ కేసులో నేను ముందుచూపుతో చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే. పాత మాక్సిమా మాత్రం పెద్ద రాయికి పట్టేసింది. కొత్త బ్లేడు తీసుకుని, రాయిని ఒరుసుకుంటూ, కండకి దూరంగా, ఒక్కో దారం తెంపాను. ఇరవై నిమిషాలు పట్టింది. నడుము పట్టేసింది. తెగిన దారాలు కొన్ని రోజుల్లో మళ్లీ వేసుకుంటుంది, దిగులు లేదు.

నీళ్లలోంచి తీస్తే చచ్చిపోతుందేమో అని అక్క భయపడింది. సముద్రంలో ఆటుకి కొన్ని క్లామ్‌లు గంటలకొద్దీ బయటపడే ఉంటాయి. మూసుకుని కూర్చుంటాయి. పదిహేను నిమిషాల బ్రషింగ్‌కి ఏమీ కాదు. తిరిగి పెట్టేటప్పుడే జాగ్రత్త కావాలి. లోపల చిక్కుకున్న గాలి బయటకు పోయేలా నీళ్లలో మునిగాక మెల్లగా అటూ ఇటూ వంచి, బుడగలు ఆగిపోయాక కూర్చోబెట్టాలి.

బకెట్లో ట్యాంకు నీళ్లు, చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్, పళ్ల డాక్టర్లు వాడే కొక్కెం లాంటి పుల్ల ఒకటి. ఏం రాలుతోందో చూడ్డానికి కింద తెల్ల గిన్నె పెడితే తెల్ల నత్తలు కనపడలేదు. అక్క వంటింట్లోంచి బిర్యానీ పార్సిల్ వచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. దానంత మంచి పరికరం నా బ్యాగులో లేదు. నల్ల అడుగు మీద పిల్ల నత్తలు కూడా చుక్కల్లా తేలిపోయాయి. ఇప్పుడు అది నా కిట్‌లో పర్మనెంటు.

పెంకు బయటి వైపు పొలుసుల కింద కొక్కెం పెట్టి చూస్తే కనిపించాయి గుడ్లు. రంగు లేని జిగురు ముద్దలు, ఆవగింజంత నుంచి సగం పెసరగింజ దాకా, లోపల తెల్లటి చుక్కలు. దూరం నుంచి చూస్తే పెంకు తడిగా మెరుస్తున్నట్టే ఉంటుంది. బ్రష్ పైపైన పోతుంది, కాబట్టి ఒక్కో పొలుసు కిందా పుల్లతో గీకాల్సిందే. చిన్నదాని మీద తొమ్మిది ముద్దలు తీశాను. అడుగు కంత చుట్టూ ఇంకో 12 పెద్ద నత్తలు ఉన్నాయి, రాత్రి లెక్కలో ఏనాడూ పైకి రానివి. అంటే మొదటి రాత్రి 23 అని రాసుకున్నది సగం సత్యమే. ఆ బకెట్ నీళ్లు, బ్రష్ కడిగిన నీళ్లు ట్యాంకులోకి తిరిగి పోయలేదు. సింక్‌లో పోసి పైన వేడినీళ్లు పోశాం.

చిన్న మూడింటినీ 20 గ్యాలన్ల వేరే ట్యాంకులో పెట్టాం. అడుగున ఇసుక లేదు, రాళ్లు లేవు, క్లామ్‌లు కూర్చునే పలకలే. మీద సరిపడా లైటు, కింద నీళ్లు కదిపే వేవ్‌మేకర్ ఒకటి, పెద్ద ట్యాంకు నుంచి తెచ్చిన స్పాంజి ఫిల్టరు. నత్త జారి పడితే అద్దం అడుగున కనిపించి తీరాలి, ఖాళీ ట్యాంకు పెట్టడంలో ఉద్దేశం అది.

కొత్త నియమం ఇలా పెట్టుకున్నాం: రెండు వారాలు ప్రతి రాత్రీ లెక్క, ఆ తర్వాత రోజు విడిచి రోజు. లెక్క సున్నా వచ్చినా సరే, ఐదు రోజులకోసారి బయటికి తీసి బ్రష్. పొదిగి బయటికొచ్చిన పిల్ల పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు దాన్ని రెండు మూడుసార్లు పట్టుకునే అవకాశం ఉండాలి కదా. రొయ్యల చెరువులో చెక్ ట్రే చూడ్డం లాంటిదే ఇదీ. మేత మిగిలిందా లేదా అని చూసేది ఆ పూట కోసం కాదు, రేపు ఎంత వెయ్యాలో తెలియడం కోసం. ఇక్కడా ఆ రాత్రి ఎన్ని దొరికాయన్నది పెద్ద విషయం కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత, ఎక్కడ దొరికాయి, ఎంత సైజు అన్నదే చెప్తుంది. పెద్దది దొరికితే మనం చూడని కంత ఉంది. పిల్ల దొరికితే మనం గీకని గుడ్డు ఉంది. అక్క ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి రాసేది, పాలు ఎన్ని ప్యాకెట్లు పోయించుకున్నారో రాసినట్టు.

మంచినీళ్ల ముంచుడు గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. ఆర్వో నీళ్లని ట్యాంకు ఉష్ణోగ్రతకి, పీహెచ్‌కి తెచ్చి అందులో క్లామ్‌ని ఇరవై ముప్పై నిమిషాలు ఉంచడం అనే పద్ధతి ఉంది. మాంటిల్ అంచు నొక్కుకుపోయినట్టు ముడుచుకునే ఇంకో జబ్బుకి దాన్ని వాడతారు. నేను రెండోదాని మీద ఒకసారి ప్రయత్నించాను, ఇరవై నిమిషాలు. నాలుగు నత్తలు రాలాయి. మిగతావి తలుపు మూసుకుని పొలుసుల్లోనే కూర్చున్నాయి. నత్తకి తలుపు ఉంది, గుడ్డుకి జిగురు ఉంది, నీరసించిన క్లామ్‌కి మాత్రం ఏ రక్షణా లేదు. మళ్లీ చెయ్యలేదు. ఇక మందులంటారా, రాగి కలిసిన ఏ మందైనా నత్తల కన్నా ముందు క్లామ్‌నే తీసుకెళ్తుంది, పక్కన ఉన్న పగడాలతో సహా. సీసా మీద ఏం రాసి ఉన్నా సరే.

ఏప్రిల్ 20 పొద్దున చిన్నది పోయింది. ముందు రోజు రాత్రే నోరు వెళ్లబెట్టినట్టు ఉంది, పైన నీళ్లు లోపలికి పీల్చుకునే కంత బాగా తెరుచుకుని, మాంటిల్ లోపలికి కుంగిపోయి. చనిపోయిన క్లామ్‌ని అరపూట ఆలస్యం చేసినా చిన్న ట్యాంకులో నీళ్లు పాడై మిగతా రెండూ పోతాయి కాబట్టి వెంటనే తీసేయమన్నాను. అక్క తీసి, కడిగి, పెంకు కిటికీ దగ్గర పెట్టుకుంది. “ఏమయ్యుంటుంది తమ్ముడూ?” అని అడిగింది. నత్తలు రెండు నెలలు తాగాయి, నేను ఐదు రోజుల్లో మూడుసార్లు చోటు మార్చాను. రెండింటిలో ఏది చంపిందో విడదీసి చెప్పలేనని చెప్పాను.

మిగిలిన లెక్క త్వరగా చెప్పేస్తాను. 26న రెండో విడత పిల్లలు, ఈసారి 8 మాత్రమే. మే 7న 3. మే 19న ఒక్కటి, అదీ పెద్ద ట్యాంకులో పాత మాక్సిమా మీద. అదే ఆఖరిది. మధ్యలో ట్రోకస్ నత్తల పెంకు అంచుల మీద కూడా రెండుసార్లు తెల్ల గింజలు కనపడ్డాయి. పిరమిడెల్లిడ్‌లలో చాలా జాతులున్నాయి, కొన్ని గుల్లల మీద బతికితే కొన్ని నత్తల మీదే బతుకుతాయి. ఏ జాతి అని పంచాయితీ పెట్టకుండా వాటినీ తోమేశాం. ఆఖరిది దొరికాక ఇంకో ఏడు వారాలకు పైగా, జులై 11 దాకా, టార్చి ఆపలేదు. మొదటిసారి మూడు సున్నాలకే సంబరపడ్డాం కదా.

రాస్ చేపల సంగతి. ఈ ట్యాంకులో పోయిన వేసవి దాకా ఒక మెలనూరస్ రాస్ ఉండేది. మూత సర్దే రోజు తెరిచి ఉంచితే ఎగిరి కార్పెట్ మీద పడి పోయింది. అది ఉన్న రోజుల్లో పురుగులు, చిన్న నత్తలు ఏవీ బతికేవి కావు. అందుకని ఏప్రిల్ చివర్లో ఇంకోదాన్ని కొని, నా గరాజ్‌లో మూడు వారాలు ఉంచి, మే మూడో వారంలో వేశాం. ఇప్పుడు చూసినవాళ్లంతా “రాస్ వేశారు, నత్తలు పోయాయి” అంటున్నారు. తేదీలు చూడండి: అది వచ్చేనాటికి లెక్క ఒకటికి వచ్చేసింది. పైగా రాస్ పొద్దు గుంకగానే ఇసుకలో దూరి పడుకుంటుంది, నత్త అప్పుడే డ్యూటీ ఎక్కుతుంది. పగలు రాళ్ల మధ్య తిరిగేవాటిని, పెంకు పక్కల మీద మిగిలిపోయినవాటిని అది ఏరుకుంటుంది. క్లామ్ అడుగు కంతలోకి దాని మూతి దూరదు. మంచి కాపలాదారే, వైద్యుడు మాత్రం కాదు. సిక్స్‌లైన్ రాస్ కూడా ఈ పని చేస్తుంది కానీ, కాస్త పాతబడ్డాక మిగతా చేపల్ని వేపుకు తింటుంది. అక్క వద్దంది.

ఇప్పుడు మొదట్లో దాటేసిన మాట. ఆ మూడు క్లామ్‌లని తెచ్చిన రోజు వాటిని వేరే ట్యాంకులో పెట్టాల్సింది. నా నియమం అదే, ఆరు వారాలు. ఆ శనివారం వాళ్ల పాప పుట్టినరోజు. చుట్టాలొచ్చే వేళకి ట్యాంకులో ఉంటే బావుంటుందని బావగారు అన్నారు. నేను “సరేలెండి, మంచి సరుకే” అన్నాను. దుకాణంలో ట్యాంకు అద్దం మీద చూశాను, క్లామ్‌లని తిప్పి చూడలేదు. భీమవరంలో రొయ్యపిల్లల్ని పీసీఆర్ జబ్బు పరీక్ష చేయించకుండా చెరువులో వదిలిన రైతుని నేనే ఎన్నిసార్లు తిట్టానో. తెచ్చిన రోజు బ్రష్ పట్టుకుని పది నిమిషాలు కూర్చుని ఉంటే, ఆ నల్ల డబ్బాలో అన్నీ అప్పుడే కనపడేవి. అందుకే పోయిన క్లామ్ డబ్బులు, ఏప్రిల్, మే నెలల విజిట్ల డబ్బులు తీసుకోలేదు. బావగారు ఇవ్వబోయారు. అక్క “వద్దంటున్నాడు కదండీ, వదిలేయండి” అంది, తప్పు ఎవరిదో ఆమెకీ తెలుసు.

జులైలో కొలిస్తే మిగిలిన రెండు చిన్నవాటికీ అంచున నాలుగైదు మిల్లీమీటర్ల తెల్ల గీత వచ్చింది. ఒకటి పలకని వదిలి పక్క రాయికి దారాలు వేసుకుంది. దాన్ని మళ్లీ కోయాలంటే నా నడుము ఒప్పుకోవట్లేదు.

పోయిన నెల అదే ఇంటికి ఇంకో మాక్సిమా తెచ్చాను. ప్రస్తుతం నా గరాజ్‌లోనే, ఇసుక లేని ట్యాంకులో ఉంది. తెచ్చిన రోజే తిప్పి, తోమి, పొలుసులన్నీ గీకాను, ఏమీ రాలలేదు. మూడో రాత్రి టార్చి వేస్తే పై అంచు మీద రెండు నిలబడి ఉన్నాయి. కాగితం మీద 2 అని రాసి, కింద తేదీ వేశాను.